సిగ్గు పడితే చిక్కు పడతాం

ఈ రోజు రొమ్ముల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెబుతాను. పక్కన మామగారో, బావగారో ఉన్నారని రేడియో కట్టేయకండి. వాళ్ళూ వినవలసిన విషయమే.

మన బళ్ళారి, రాయచూరు ఎండల్లో రొమ్ముల కింది ముడతలో చెమట చేరి ఒరుసుకుపోతుంది, దురద పెడుతుంది. స్నానం కాగానే ఆ చోటును మెత్తని గుడ్డతో తడి లేకుండా అద్దుకోవాలి. నూలు రవికె, నూలు బాడీ మేలు. చెమటకు తడిసినదాన్ని ఉతక్కుండా మర్నాడు తొడుక్కోవద్దు. భుజాల మీద గాడి పడుతున్నదంటే బాడీ కొలత సరిపోలేదన్నమాట. బరువు మోయవలసింది వీపు చుట్టూ ఉన్న పట్టీ, భుజాల మీదివి కాదు. అంగడివాడు ఇచ్చింది గబుక్కున సంచిలో వేసుకుని రాకుండా, ఇంట్లో టేపుతో కొలుచుకుని వెళ్ళండి. నల్ల బాడీ వేసుకుంటే క్యాన్సర్ వస్తుందని చదువుకున్నవాళ్ళు కూడా అంటుంటారు. అందులో నిజం లేదు.

బాలింతకు పాలు చేపి రొమ్ము రాయిలా గట్టిపడితే, ఆ పక్క పాలు మాన్పించే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. అలా చేస్తే బాధ పెరుగుతుంది. బిడ్డకు మాన్పించకుండా ఇస్తూనే ఉండాలి. జ్వరం వచ్చి రొమ్ము ఎర్రబడితే డాక్టరుకు చూపించాలి. అప్పుడు కూడా సాధారణంగా పాలు ఆపనక్కర్లేదు.

బహిష్టుకు ముందు రొమ్ములు బరువెక్కి సలపడం చాలామందికి ఉండేదే. తరవాత అదే తగ్గుతుంది. అసలు చిక్కు నొప్పి లేనిదానితో. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని, పత్తి తీత కానీ, పిల్ల పెళ్ళి కానీ అనుకుంటూ నెలలు దాటిస్తాం. మన దేశపు ఆడవాళ్ళలో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న క్యాన్సర్ ఇదే.

అందుకని బహిష్టు ఆగిన కొద్ది రోజులకు, స్నానం వేళ సబ్బు చేత్తో చంక దాకా తడిమి చూసుకోండి. ముట్లుడిగినవారు నెలకొక తేదీ పెట్టుకోవచ్చు. కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం వచ్చినా ఆగకండి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, కానీ తేల్చవలసింది డాక్టరే. ముంబయిలో టాటా ఆసుపత్రివారు 1998లో మొదలుపెట్టిన పరిశీలనలో, ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేత్తో పరీక్షించగా, యాభై దాటిన స్త్రీలలో ఈ క్యాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. ముప్ఫై దాటినవారికి ఈ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఆశా కార్యకర్తను అడగండి.

ఇంకొక్క మాట. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో కన్నడం మనది. మొహమాటంతో ‘ఎదె నోవు’ అని ఊరుకుంటే డాక్టరు గుండెనొప్పి అనుకోవచ్చు. ‘స్తనదల్లి గంటు ఇదె’ అని సూటిగా చెప్పండి. ఆడ డాక్టరు కావాలని అడగడంలో తప్పు లేదు. లేకపోతే నర్సమ్మను పక్కన ఉండమనండి.