నడచువారికి వీధిలో చోటు
(సంఘ సభ్యుల సమావేశమున చదివిన ఉపన్యాస పాఠము)



మన సంఘము సమావేశమైనప్పుడెల్లను తెలుగు పాఠశాలలను గూర్చియు, ఉపాధ్యాయుల నియామకమును గూర్చియు, పాఠ్యపుస్తకములను గూర్చియు చర్చించుచున్నాము. అవి ముఖ్యములే. కాని పాఠశాలకు పోవు త్రోవను గూర్చి మనము తలపెట్టుట లేదు. అల్పసంఖ్యాకుల పాఠశాల వీధికొకటి యుండదు. చెన్నపురి వంటి మహానగరమున తెలుగు చదువగోరు బిడ్డ తరచుగా ఇరుగుపొరుగు పిల్లలకంటె ఎక్కువ దూరము పోవలసి వచ్చును. ఆ త్రోవ అపాయకరమైనచో తల్లిదండ్రులు దగ్గరి బడినే ఎంచుకొందురు. గ్రంథాలయమునకు రాగోరు వృద్ధుల సంగతియు ఇంతియే. కావున కాలిబాట కూడ మన భాషా సమస్యలలో నొకటియని మేము మనవి చేయుచున్నాము.

ఈ విషయమున మంచి మాటలకు కొరత లేదు. వాహనములకంటె మనుష్యుల రాకపోకలే ప్రధానమని 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము చెప్పినది. రవాణాకు వెచ్చించు ధనములో కనీసము 60 శాతము నడకకును సైకిలుకును వినియోగింపవలెనని 2014లో చెన్నై నగరపాలక సంస్థ అంగీకరించిన విధానము నిర్దేశించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము రహదారులును బస్సులును వారికి అందుబాటులో నుండవలెనని శాసించినది.

ఫలితము చూడగోరువారు త్యాగరాయనగరమునకు పోవచ్చును. తెలుగు కుటుంబమున జన్మించి, నగరపాలక సంస్థకు అధ్యక్షత వహించిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి (1852-1925) గారి పేర వెలసిన పేట యది. అచ్చట పాండీ బజారు వీధి కాలిబాటలను విశాలము గావించి 2019లో ప్రారంభించిరి. వీధిని మార్చవచ్చునని ఋజువైనది. అయితే పెద్ద బజారునకు లభించిన శ్రద్ధ పాఠశాల వీధికిని లభింపవలదా?

బస్సు సంగతి యోచింపుడు. 2024లో చెన్నైలో తగ్గు అంతస్తు బస్సులు ప్రవేశపెట్టబడినవి. ఆగినప్పుడు అవి ఒకప్రక్కకు ఒరగి ఎక్కువారికి సులువు గావించును. కాని బస్సు ఆగుచోట కార్లు నిలిపియున్నచో బస్సు కాలిబాట చెంతకు రాజాలదు. చక్రముల కుర్చీలోని వ్యక్తి నడివీధికి దిగవలసివచ్చును. ఇంటినుండి స్టాపునకు గల కాలిబాట నడుమ తెగినచో అతడు స్టాపునకే రాజాలడు. గొలుసులో ఒక్క లంకె తెగినను గొలుసంతయు వ్యర్థమే.

వీధి ఇరుకని కొందరందురు. ఒక కారు నిలుచు చోట పది సైకిళ్లు నిలుచునని వారు గమనింపవలెను. చిన్నవీధులలో సైకిలుకు వేరు బాట లేకున్నను వాహనముల వేగము తగ్గించిన చాలును. మరికొందరు వీధి వర్తకులను వెళ్లగొట్టవలె నందురు. అది న్యాయము గాదు. వారికి తగిన తావులు నిర్ణయింపవలెనని 2014 నాటి చట్టమే చెప్పుచున్నది.

కావున సభ్యులకు మా ప్రార్థన యిది. పాఠశాలనుండియు గ్రంథాలయమునుండియు దగ్గరి బస్సు స్టాపు వరకు ఒక వృద్ధుని, ఒక బిడ్డను వెంటబెట్టుకొని నడువుడు. కాలిబాట నడచుటకు 1.8 మీటర్ల వెడల్పు కలదా, అంచు 150 మిల్లీమీటర్లకు మించి ఎత్తుగా నున్నదా, వీధి దాటుచోట వాలుబాట కలదా యని కొలిచి వ్రాసికొనుడు. 2022లో ఏర్పడిన నిబంధనల ప్రకారము జరుగు ఏరియా సభలో ఆ పట్టికను తమిళమున వ్రాసి సమర్పింపుడు. పొరుగున నున్న తమిళ సోదరుల సంతకములను గూడ తీసికొనుడు. వారి పిల్లలును ఆ వీధినే దాటుచున్నారు.

మన భాషకై మనము కోరు కోర్కెలు మనకొరకే. ఈ కోర్కె ఊరందరి కొరకు. కాలిబాటకు మాతృభాష లేదు. అందరికిని మేలుచేయు పనికి మనము ముందు నడచినచో, మన పాఠశాలకై అడుగునాడు మన మాట వినువారు పెరుగుదురు.