దుప్పికి తగిలిన గుండు ఏం చేస్తుంది?

పశువైద్యుణ్ణి పిలిచి తుపాకి గుండ్ల గురించి మాట్లాడమన్నారేమిటని కొందరికి అనిపించి ఉంటుంది. తుపాకి పేల్చినవాడికి గుండు గొట్టం దాటేవరకే తెలుసు. అది ఒంట్లో ఏం చేసిందో చూసేది శవపరీక్ష చేసేవాడు. శేషాచలం నుంచి, భాకరాపేట వైపు నుంచి, పలమనేరు అడవుల నుంచి వచ్చిన దుప్పుల్నీ కణుజుల్నీ కోసి చూసినవాణ్ణి నేను.

వేట సంగతి మొదటే చెప్పేస్తాను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో మిగిలిన కాస్త లైసెన్సు వేట కూడా పోయింది. అయినా అడవి అంచు ఊళ్ళల్లో నాటు తుపాకులు పేలుతూనే ఉన్నాయి. వాటి చుట్టూ అల్లుకున్న అబద్ధాల వల్ల జంతువులు ఎంత ఘోరంగా చస్తున్నాయో చెప్పాలనే ఈ పిలుపు ఒప్పుకున్నాను.

అన్నిట్లోకీ పెద్ద అబద్ధం ఇనుముది. సైకిల్ బేరింగ్ గుళ్ళు, మేకు ముక్కలు, తెగిన కమ్మీలు కూరితే సీసం కంటే లోతుగా దిగుతాయంటారు. ముందు వరసలో తల ఊపుతున్న పెద్దాయనా, మీరూ విన్నారు కదా! పచ్చి అబద్ధం. ఒక ఘన సెంటీమీటరు సీసం 11 గ్రాముల పైన తూగుతుంది, ఇనుము 8 గ్రాములు కూడా తూగదు. తేలిక వస్తువు గాలిలోనే వేగం పోగొట్టుకుంటుంది. వంకరటింకర ముక్క ఇంకా ముందే పోగొట్టుకుంటుంది, పైగా ఎటు పోతుందో తెలియదు. అవి చర్మం చీల్చి, కండలో ఆగి, లేదా పేగు చిల్లి చేసి ఊరుకుంటాయి. పేగు చిల్లి పడిన దుప్పి వెంటనే చావదు. గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజులు. నీళ్ళ కోసం వాగులోకి దిగి అక్కడే పడిపోతుంది. ఆ కడుపు కోసినప్పుడు వచ్చే కంపు ఒక్కసారి పీలిస్తే ఇనుము గొప్పదనం గురించి ఎవరూ మాట్లాడరు.

మరి ముందునుంచి మందు కూరే తుపాకికి సరైన గుండు ఏది? ఈ ప్రశ్నకు జవాబు మన దేశపు అడవుల్లోనే, నూట అరవై ఏళ్ళ కిందటే తేలిపోయింది. దీని మీద నాకు అభిమానం ఎక్కువ, కొంచెం ఓపిక పట్టండి. జేమ్స్ ఫోర్సిత్ అని ఒక సైనికాధికారి, మధ్య పరగణాల అడవుల్లో తిరిగినవాడు. 1863లో వేట రైఫిలు గురించీ దాని గుండ్ల గురించీ ఒక పుస్తకం రాశాడు. అప్పటికి సైన్యమంతా కోసుగా, పొడవుగా ఉండే మినియే గుండు మోజులో ఉంది. ఎన్‌ఫీల్డు తుపాకి అలాంటి గుండుతోనే పేరు తెచ్చుకుంది. దూరాన బారులు తీరిన సైనికుల మీదికి ఆ గుండు మంచిదే. అడవిలో వ్యవహారం వేరు. బరువైన పొడవు గుండు నెమ్మదిగా బయలుదేరి విల్లులా వంగి పోతుంది. చెట్ల మధ్య నిలబడ్డ జంతువు ఎంత దూరంలో ఉందో పది గజాలు పొరబడితే చాలు, గుండు గుండెకు బదులు కాలుకో కడుపుకో తగులుతుంది.

ఫోర్సిత్ పాతకాలపు బంతి గుండునే పట్టుకున్నాడు, కాని పెద్దది. 14 బోరు తుపాకి, అంటే పౌను సీసంతో పద్నాలుగు గుండ్లు పోయగల కొలత. గొట్టం లోపల చుట్టలు తిరిగే గాడుల మెలికను బాగా సడలించాడు, 104 అంగుళాలకు ఒక్క చుట్టు. మెలిక బిగువుగా ఉంటే ఎక్కువ మందు వేసినప్పుడు మెత్తటి సీసం గాడుల పట్టు తప్పి జారుతుంది. సడలిస్తే మందు పెంచొచ్చు, గుండు వేగంగా, దాదాపు తిన్నగా పోతుంది. ఎంత సులువైన ఆలోచనో చూడండి! ఆయన 1871లో చనిపోయాడు, మధ్య భారత అడవుల మీద రాసిన పెద్ద పుస్తకం అచ్చయిందీ ఆ ఏడే.

పెద్ద గుండు ఎందుకంటే, లెక్క ఉంది. 32 బోరు గుండు అడ్డం 13 మిల్లీమీటర్ల పైచిలుకు, బరువు 14 గ్రాములు. 12 బోరు గుండు అడ్డం పద్దెనిమిదిన్నర, బరువు 38 గ్రాములకు దగ్గర. అడ్డం ఐదు మిల్లీమీటర్లు పెరిగితే బరువు రెండున్నర రెట్లు దాటింది. మగ దుప్పి 70 నుంచి 90 కిలోలు ఉంటుంది, కణుజు 200 కిలోలు దాటుతుంది. దుప్పి ఊపిరితిత్తుల్ని దాటి పోయే చిన్న గుండు కణుజు భుజం ఎముక దగ్గరే ఆగిపోతుంది.

ఇక మిగిలినవి త్వరగా చెబుతాను, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. మందు ఎక్కువేస్తే గురి కుదురుతుందనేది తప్పు, గొట్టం పగిలి వేళ్ళు పోతాయి. గుండు మందు మీద ఆనకుండా మధ్యలో ఖాళీ ఉన్నా గొట్టం ఉబ్బుతుంది. గుడ్డ పేలిక చుట్టని గుండు నున్నటి గొట్టంలో వదులుగా తగులుకుంటూ పోతుంది, యాభై గజాల అవతల దాన్ని నమ్మలేం. పడిపోలేదంటే తగల్లేదనుకోవడం ఇంకో తప్పు. గుండె చీలినా దుప్పి వంద గజాలు పరుగెత్తగలదు.

అమెరికాలో మన పిల్లలున్న చాలా రాష్ట్రాల్లో ఇలాంటి తుపాకులకు విడిగా వేట కాలమే ఉంది. అక్కడ ఇప్పుడు సీసానికి బదులు రాగి గుండ్లు కూడా వస్తున్నాయి. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసం వాడొద్దంది. సీసం ముక్కలున్న కళేబరం తిని రాబందులు చావడమే కారణం. నాటు తుపాకితో కొట్టిన మాంసం ఇంటికి తెచ్చుకునేవాళ్ళు పిల్లల కంచంలో ఏం పెడుతున్నారో ఆలోచించాలి.

చెనక్కాయ చేను పందులు దున్నేస్తే రైతు ఏం చేయాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 1959 ఆయుధాల చట్టం పంట కాపలా కోసం మందు కూరే తుపాకికి లైసెన్సు మాట ఎత్తింది, కాని ఆ లైసెన్సు దుప్పిని కొట్టడానికి అనుమతి కాదు. పంట నష్టానికి అటవీశాఖ దగ్గర పరిహారం అడగండి, రాకపోతే పదిమందీ కలిసి వెళ్ళి అడగండి. నాటు బాంబులు, కరెంటు తీగలు మాత్రం వద్దు, వాటికి మనుషులూ పోతున్నారు.

లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉంటే పోలీసులకు అప్పగించండి. గాయపడిన దుప్పి కనబడితే తరమొద్దు, చుట్టూ మూగొద్దు, వెంటనే అటవీశాఖవాళ్ళకు చెప్పండి.