ఒక పతకము, మూడు ఆసనములు





ఇంగ్లండు దేశపు విమానదళమొకటి "హైదరాబాదు" అను మన పేరు ధరించెను. అది 110వ దళము. మొదటి ప్రపంచ సంగ్రామమున నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఆ దళమునకు బాంబు విమానములను కానుకగా నిచ్చెను. 1918లో ఆ విమానములతోనే ఆ దళము ఫ్రాన్సునకేగెను. దాని చిహ్నమునందలి పెద్దపులియు నిజాము రాజచిహ్నమునుండి గ్రహింపబడినదే. ప్రభువు బొక్కసమునకు మూలము రైతు చెల్లించు శిస్తు గదా! కావున ఈ కథతో మనకును సంబంధము గలదు.

1939 సెప్టెంబరు 3వ తేదిని రెండవ సంగ్రామము ప్రకటింపబడెను. మఱునాడే ఆ దళపు బ్లెన్‌హైము విమానములు కెన్నెత్ డోరను నాయకత్వమున, దట్టమైన మేఘములక్రింద సముద్రమును దాటి, విల్‌హెల్మ్స్‌హావెను రేవుకడ జర్మను యుద్ధనౌకలను తాకెను. "అడ్మిరల్ షేరు" అను నౌకకు తగిలిన బాంబులు ప్రేలలేదు. ఆనాడు దాడికేగిన బ్లెన్‌హైములలో 5 తిరిగిరాలేదు.

1939 నవంబరు 2వ తేదిని విటన్ విమానస్థావరమున ఆఱవ జార్జి చక్రవర్తి డోరనునకు డి.ఎఫ్.సి. పతకమును బహూకరించెను. ఫలము దక్కకున్నను సాహసము గౌరవింపబడెను. ఇది మెచ్చదగినదే.

అయినను ఒక ధర్మసందేహము. బ్లెన్‌హైమున మువ్వురుందురు. ఒకడు విమానము నడుపును. ఒకడు దారి గుర్తించి బాంబులు విడుచును. ఒకడు నిస్తంత్రి వార్తలు చూచుచు తుపాకి పట్టును. మృత్యువు మువ్వురకును సమదూరముననే యుండును. కాని ఆనాడు ఆ పతకము అధికారులకును, వారంటు అధికారులకును మాత్రమే చెందెడిది. సార్జెంటు మొదలగు క్రిందివారికి డి.ఎఫ్.ఎం. అను వేఱొక పతకము. సాహసమొకటియే, పతకములు రెండు! ఈ భేదము 1993లోగాని తొలగలేదు.

మనవారు "బాయి" యని పిలుచు బొగ్గుగనిని తలంపుడు. కప్పునకు దన్ను పెట్టువాడు, మందు పేల్చువాడు, బొగ్గు నెత్తువాడు ఒకరినొకరు నమ్ముకొనియే దిగుదురు. కప్పు కూలునపుడు ఎవని హోదాయు నడుగదు.

పెద్దలారా, సన్మానసభలకు అధ్యక్షత వహించువారు మీరే. శాలువ కప్పుటకు ముందు "ఆనాడు ఇతనితో ఎవరుండిరి?" అని యొక్కమాట అడుగుడు. ఆ పేళ్లను గూడ సభలో చదివింపుడు. తిరిగిరానివాని పేరు మొదట చదివింపుడు. పతకము ఒక్కని వక్షముననే నిలుచును. గౌరవము పంచినకొలది తఱుగదు.