పికప్ బండి కొనునప్పుడు చూడవలసినవి
(పంచాయతీ సభ్యుల సదస్సులో చేసిన ప్రసంగము)



గ్రామములో ఎవరైనను పికప్ బండి కొనదలచినచో ముందుగా మీ సలహా అడుగుదురు. అప్పు పత్రముపై హామీ సంతకము గూడ ఒక్కొక్కప్పుడు మీదే యగును. బండి నడవక వాయిదాలు నిలిచిపోయినచో పొలమో, ఇల్లాలి నగలో పోవును. కావుననే ఈ విషయమును కొంత విపులముగా మాటలాడదలచితిని. ఒక మాట ముందే చెప్పెదను: ఏ కంపెనీనైనను సిఫారసు చేయుట మా శాఖ పని గాదు.

2005లో టాటా ఏస్ వచ్చినది మొదలు మన ఊళ్లలో చిన్న సరకు బండ్లు విస్తరించినవి. అంతకంటె ఎక్కువ బరువు మోయు డీజిలు పికప్పులలో మహీంద్రా బొలేరో, టాటా యోధ, అశోక్ లేలాండ్ దోస్త్, మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుండి తయారగుచున్న ఇసుజు డీ-మాక్స్ పేరొందినవి. కొనువారు మొట్టమొదట అడుగునది "ఎన్ని టన్నులు?" అని. అడుగవలసినదే. కాని టన్నులను బస్తాలలోనికి మార్చి చూడుడు. 75 కిలోల ధాన్యపు బస్తాలు 1.3 టన్నుల బండికి 17, 1.7 టన్నుల బండికి 22, రెండు టన్నుల బండికి 26 మాత్రమే. 17 బస్తాల బండిపై 30 వేసి పంపువారిని మీరెరుగుదురు. 2019 సవరణ తరువాత మోటారు వాహనముల చట్టము అధిక బరువునకు 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నునకు మరి 2,000 రూపాయలు జరిమానా విధించుచున్నది. ఒక్క తనిఖీతో నెల వాయిదా హరించును.

అయితే బండి ప్రతిదినము తిరుగునా లేదా అనునది టన్నులకంటె చిన్న సౌకర్యములపైననే ఎక్కువ ఆధారపడునని నా అభిప్రాయము. వేకువనే కూరగాయలతో మార్కెట్టుకు పోయి మధ్యాహ్నమునకు తిరిగివచ్చు డ్రైవరు తరచుగా ఆ ఇంటి కుమారుడే. పవర్ స్టీరింగు, ఎత్తు మార్చుకొనగల సీటు అతనికి విలాసములు గావు. నడుము నొప్పితో అతడు రెండు దినములు పండుకొన్నచో బండియు పండుకొనును. సరకుతో కలిపి 3.5 టన్నులు మించు ట్రక్కులకు 2025 అక్టోబరు నుండి ఏ.సి. క్యాబిన్ తప్పనిసరి చేయబడినది. అంతకు లోపు పికప్పులకు ఆ నిబంధన లేదు. మన మే నెల ఎండలు తలచుకొని, మీరే అడిగి తీసికొనవలెను. తొట్టి తలుపులు మూడు వైపుల తెరచుకొనునా, తొట్టి నేల ఎంత ఎత్తున నున్నది అనునవి కాగితములలో చూచుటకంటె, ఒక బస్తా ఎత్తించి చూచుట మేలు. రంగుల స్టిక్కర్లు, పాటల పెట్టె లేకున్నను కొరత లేదు.

ఇక పొగ సంగతి. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.-6 డీజిలు బండ్లలో చాలావాటికి మసిని పట్టు ఫిల్టరు గలదు. పట్టిన మసి కాలిపోవుటకు అది బాగుగా వేడెక్కవలెను. చేనినుండి ఊరికి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిలో అది వేడెక్కదు; మసి పేరుకొని హెచ్చరిక దీపము వెలుగును. అప్పుడు పెద్ద రోడ్డుపై కొంతసేపు ఆపకుండ నడపవలెను. దీపమును లెక్కచేయనిచో ఇంజను శక్తి తగ్గి బండి షెడ్డుకు చేరును. కావున ఊరిలో చెత్త సేకరణకు మాత్రమే బండి కావలసిన పంచాయతీలు డీజిలు మాని విద్యుత్ బండిని ఆలోచించుట మంచిది.

కొన్ని బండ్లలో డీజిలుతోబాటు డెఫ్ అను ద్రవము వేరొక ట్యాంకులో పోయవలెను. అది శుద్ధమైన నీటిలో 32.5 శాతము యూరియా కలిపి చేసినది. యూరియా అనగానే మనవారికి ఎరువుల బస్తా జ్ఞాపకము వచ్చును! పొలమునకు చల్లు యూరియాకు వేపనూనె పూత యుండును. దానిని బకెట్టులో కలిపి పోసినచో ఖరీదైన భాగములు చెడిపోవును.

కాగితముల విషయము సులభము. సరకుతో కలిపి 3,000 కిలోలకు మించని బండికి పర్మిటు అవసరము లేదు. 7,500 కిలోల లోపు బండి నడపుటకు లైట్ మోటారు లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పు చెప్పినది.

మిరప కోతల కాలమున తొట్టిలో కూలీలను నిలబెట్టి తీసికొనిపోవుట మీరు చూచుచునే యున్నారు. అందరును మన ఊరి ఆడపడుచులే. సరకు బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహింపదని సుప్రీంకోర్టు 2002లోనే నిర్ణయించినది. ప్రమాదము జరిగినచో పరిహార భారమంతయు యజమానిపై పడును. ఆయన ఇచ్చుకొనలేనిచో బాధితుల ఇంట పొయ్యి వెలుగదు. మనుషులను గూడ తీసికొనిపోవలసిన అవసరము నిజముగా నున్నవారు బొలేరో క్యాంపర్ వంటి రెండు వరుసల క్యాబిన్ బండిని చూడవలెను. తొట్టి కొంత పొట్టిదగును, బస్తాలు తగ్గును. కాని డ్రైవరుతో కలిపి అయిదుగురు సీట్లలో కూర్చుందురు.

ఇక మీ ప్రశ్నలు అడుగుడు.