నాగమ్మగారి స్మృతి: మన యిండ్ల క్రైస్తవ మాతలు



మీర్‌పేటయందు సమావేశమైన యీ వార్షిక మహాసభలో, భక్తురాలగు నొక క్రైస్తవ గృహిణి జీవితమును స్మరింపుమని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. మన బోధకుల పేర్లును, ఉపాధ్యాయుల పేర్లును సంచికల కెక్కినవి. వారికి వండి పెట్టి, దీపము చెంత కూర్చుండి పిల్లలకు ప్రార్థన నేర్పిన తల్లుల పేర్లు మాత్రము ఎక్కలేదు. అదృష్టవశమున నిలిచిన పేరొకటి కలదు. అది నాగమ్మగారి పేరు. ఆమె మన క్రైస్తవ గృహములకు ఆదిమాత వంటిది.

ఒంగోలునకు పడమట సుమారు 40 మైళ్ల దూరమున తాళ్లకొండపాడను పల్లె కలదు. ఆ పల్లె మాదిగ గృహస్థుడగు యెర్రగుంట్ల పేరయ్యగారు ఆమె భర్త. ఆయన బందికట్ల వీరమ్మ యను గురువమ్మ యొద్ద యోగమార్గము నభ్యసించిన సాధకుడు. తోళ్ల వ్యాపారముపై ఏలూరు దెసకు బోయి, అచ్చట క్రీస్తు వార్తను విని వచ్చెను. 1866వ సంవత్సరము మార్చి నెలలో ఆలుమగలిద్దరును ఒంగోలునకు వెళ్లి, జూవెట్టు దొరగారిచేత బాప్తిస్మము పొందిరి. ఆ యేటనే క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీన 8 మందితో ఒంగోలు సంఘము వెలసెను. ఆ నెలలోనే తాళ్లకొండపాటిలో 28 మంది విశ్వాసులైరి.

భర్త వెంట భార్య నడచుట వింత కాదని కొంద రనవచ్చును. కాని క్లౌ దొరగారు మనవారికి విధించిన మూడు నియమములను విచారింపుడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. ఈ మూడును బోధకుని నోట పలుకుట కొక నిమిషము చాలును. వాని భారము మోయవలసినది ఇల్లాలు. రైతునకు చెప్పులును మోటతోలును కుట్టి యిచ్చిన మాదిగకు చచ్చిన పశువు హక్కు. చర్మము వృత్తికి, మాంసము కుండకు. ఆ మాంసము వద్దన్న దినమున కుండలో నేమి వేయవలెనో యోచింపవలసినది ఎవరు? ఆదివారపు కూలి పోయిన వారమున గింజలను సరిపెట్టవలసినది ఎవరు? జాతరనాడు డప్పు మ్రోగింపని యింటిపై ఊరివారికి కోపము వచ్చినప్పుడు, మగవాడు పొరుగూరికి బోధకై వెళ్లియుండగా, గడపలో నిలిచి మాటలు పడవలసినది ఎవరు? భర్త చెప్పిన నియమమును భార్య ప్రతి దినమును పొయ్యి యొద్ద నిలుపవలసి వచ్చెను.

తరువాత 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్త పుచ్చుకొని వేలమందికి పని చూపిరి. కూటికొరకు మతము పుచ్చుకొనరాదని ఆ కరవు దినములలో బాప్తిస్మము లిచ్చుట మానివేసిరి. పిమ్మట 1878 జులై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లి యొద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనము గర్వముతో చెప్పుకొందుము. పండ్రెండేండ్లకు పూర్వము తాళ్లకొండపాటినుండి వచ్చినవారు ఇద్దరే యనియు, అందొకరు గృహిణి యనియు మరువరాదు.

ఈ పేరు మనకు దక్కుటకు కారణము, క్లౌ దొరగారి భార్యయగు ఎమ్మాగారు మన బోధకుల నోటికథలను విని, వానిని 1899లో గ్రంథముగా ప్రకటించుట. వినువారు లేక మరుగుపడిన నాగమ్మలు ఎందరో!

ఇక మన సంగతి. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. అందువలన ఎన్నో యిండ్లలో తల్లికి కాగితముపై నొక పేరు, గుడిలో నొక పేరు. బిడ్డల చదువు కొరకు అట్లు చేసినవారిని నేను నిందింపను. కాని తల్లి గతించిన పిమ్మట, ఆమె ప్రార్థనను దాచి ఆమెను స్మరించుట సగము స్మరణమే. నాగమ్మగారు క్రైస్తవురాలైన పిదపను నాగమ్మగానే యుండిరి. పేరు విడువలేదు, పల్లె విడువలేదు, మన బంధుత్వము విడువలేదు. మనము మాత్రము ఆమె వంటి తల్లులను ఏల విడువవలెను?

కావున పోషకులకు నా విన్నపము. రాబోవు సంచికలో కొన్ని పుటలు తల్లులకై కేటాయింపుడు. నల్లగొండ సీమనుండియు, ఒంగోలు సీమనుండియు వచ్చి యీ ప్రాంతమున కాపురమున్న కుటుంబములవారు తమ తల్లి రెండు పేర్లను, పుట్టిన యూరిని, ఆమె పడిన పాట్లను, పట్టిన నిష్ఠను వ్రాసి యిత్తురు గాక. ముసలివారు బ్రతికియుండగానే అడిగి వ్రాసికొనుడు.