రొట్టె తెచ్చిన దూత



విశ్వాసి చింత గురించి, ఆత్మసంబంధమైన లోకం గురించి మాట్లాడమన్నారు. రెండో మాట వినగానే మనవాళ్ళకు దయ్యాలు వెళ్ళగొట్టే కూటాలు, రాత్రంతా సాగే ప్రార్థనలు, నూనె సీసాలు గుర్తొస్తాయి. వాటి జోలికి తర్వాత వస్తాను. ముందు ఏలీయా సంగతి.

కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరించగానే అరణ్యంలోకి పారిపోయాడు. బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు, ప్రాణం తీసుకోమన్నాడు. దేవదూత వచ్చాడు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు, ప్రసంగం చేయలేదు. తట్టి లేపి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, తలాపున నీళ్ళ బుడ్డి. ఏలీయా తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపిందీ తినమనడానికే. దేవుని స్వరం వినిపించింది ఆ తర్వాత, హోరేబు కొండ మీద.

మనమేమో పిల్ల పెళ్ళి అప్పుతో నిద్రపట్టడం లేదని ప్రార్థన విన్నపం చెప్పుకున్న తల్లికి, చింతపడటం అవిశ్వాసమమ్మా అని చెప్పి పంపుతాం. కొండమీది ప్రసంగంలో చింతపడొద్దని ప్రభువు చెప్పిన మాట నిజమే. మత్తయి 6వ అధ్యాయంలో ఆ మాటకు ముందే, ఏనాటి ఆహారం ఆనాడు దేవుణ్ణి అడగమని నేర్పాడు. రేపటి గింజల లెక్క తెలిసినవాళ్ళతోనే ఆయన మాట్లాడాడు. ఆ మాటను కడుపు నిండినవాళ్ళం మందలింపుగా మార్చేశాం.

ఒంగోలు మిషన్ చరిత్ర మనకు తెలిసిందే కానీ, అందులో ఒక భాగం వదిలేస్తుంటాం. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని చూపించాడు. కూలీల్లో మాదిగలు ఎక్కువ. మన తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. పని ఆగినప్పుడు సువార్త చెప్పేవారు. కూలి కోసమే మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. పని ముగిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ అంకెను మనం శతజయంతి సంచికల్లో పెద్దక్షరాల్లో అచ్చు వేసుకుంటాం. నాకు మాత్రం బాప్తిస్మాలు ఆపిన నెలలే గొప్పవి. పని చూపి కడుపు నింపారు, బదులుగా మతం మారమని అడగలేదు.

ఇక ఆత్మసంబంధమైన లోకం. సిరియా సైన్యం చుట్టుముట్టిన దోతానులో ప్రవక్త ఎలీషా తన పనివాడికి కళ్ళు తెరిపిస్తే కొండ నిండా అగ్ని గుర్రాలు, రథాలు కనిపించాయి. ఆ దర్శనం గురించి మనం చాలా ప్రసంగాలు విన్నాం. ఆ దర్శనమున్న అధ్యాయంలోనే, చేతికి చిక్కిన ఆ సిరియా సైనికులకు భోజనం పెట్టి పంపమని ఎలీషా చెప్పడం మీద ఎన్ని విన్నాం?

మొదట చెప్పిన కూటాల మాటకు వస్తాను. ఆత్మల లోకం ఉందని నమ్మేవాణ్ణే నేను. అందుకే చెబుతున్నాను: గాలి సోకిందని తెచ్చిన పిల్ల చేత ఉపవాసం చేయించకండి. ముందు నిద్రపోయిందా, తిన్నదా అని అడగండి, డాక్టరుకు చూపించండి, ప్రార్థనా చేయండి. ప్రార్థన విన్నపాల చీటీల్లో అప్పు, మందులు, ఫీజులు అని ఉన్నవాటిని వేరుగా తీసి, కానుకలు లెక్కపెట్టే పెద్దల ముందు ఆ పూటే పెట్టండి.