శాంతి పనికి పదవీ విరమణ లేదు
(ఇబ్రహీంపట్నంలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శాంతి ఉద్యమమంటే దేశాధినేతల మధ్య జరిగే వ్యవహారమనుకుంటాం. కాని మన రంగారెడ్డి జిల్లాకు అది కాలినడకన వచ్చింది. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావేగారు వార్ధా దగ్గరి పవనార్ నుంచి నడిచి వచ్చారు. అప్పటికి తెలంగాణ పల్లెలు ఒకవైపు సాయుధ పోరాటం, మరొకవైపు పోలీసు బలగాల మధ్య నలిగిపోతున్నాయి. సమ్మేళనం కాగానే ఆయన ఆ పల్లెలకే నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలవారు 80 ఎకరాలు కావాలంటే, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలిస్తానని ముందుకొచ్చారు. భూదానోద్యమం అలా పుట్టింది. 1957లో శాంతిసేన కూడా ఏర్పడింది.

ఆ ఉత్సాహం తర్వాత ఎందుకు చల్లారింది? దానమిచ్చిన భూములన్నీ పేదల చేతికి రాలేదు. కొన్ని సాగుకు పనికిరానివి, కొన్ని తగాదాల్లో చిక్కుకున్నవి. 1965లో మన రాష్ట్రంలో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. కాని ఊరూరా తిరిగి మంచి చెడ్డలు అడిగే మనుషులు తగ్గిపోయారు. రెవెన్యూ శాఖలో పనిచేసినవాడిగా నాకు తెలిసిందొకటే. కాగితం హద్దు చూపుతుంది గాని, పలకరింపులు మానుకున్న ఇద్దరిని మాట్లాడించదు.

అయినా ఆ పని పూర్తిగా ఆగలేదు. నక్సలైట్లు, పోలీసుల హింస మధ్య 1997లో పౌర స్పందన వేదిక ఏర్పడి, ఉభయ పక్షాలకూ తప్పును తప్పని చెప్పింది. దాని కన్వీనరు ఎస్.ఆర్. శంకరన్‌గారు పదవీ విరమణ చేసిన ఐ.ఎ.ఎస్. అధికారి, అంటే మనలాగే పెన్షనరు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికీ, నక్సలైట్లకూ చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా అవి బెడిసికొట్టాయి. 2010లో శంకరన్‌గారు కన్నుమూశారు. అయినా ఆ శ్రమ వృథా అని నేననను. తుపాకులు పట్టిన రెండు పక్షాలూ ఆయన మాట విన్నాయంటే, ఎవరి దగ్గరా ఆయనకు కావలసిందేమీ లేకపోవడమే కారణం.

ఆ అర్హత మనకూ ఉంది. భూముల ధరలు పెరిగిన కొద్దీ గట్టు తగాదాలు, దారి తగాదాలు, అన్నదమ్ముల వాటాల గొడవలు మన ఇళ్ళలోనే చూస్తున్నాం. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టం కూడా, ఒక ప్రాంతపు శాంతికి భంగం కలిగించే తగవుల్లో ఇరుపక్షాల సమ్మతితో స్థానిక పెద్దలు మధ్యవర్తులుగా ఉండవచ్చునని చెప్పింది.

కనుక నా మనవి ఇది. ఊరికి ముగ్గురు పెన్షనర్లు, అందులో ఒకరు మహిళ, వారానికొక పూట కూర్చోవాలి. ఎవరి దగ్గరా పైసా తీసుకోరాదు. తీర్పులు చెప్పరాదు. మాట్లాడించడమే మన పని. ఆడవారిపై దౌర్జన్యం, కులదూషణ వంటివి పంచాయితీలో మాఫీ చేసేవి కావు. వాటిని చట్టానికే వదలాలి. పండుగల ఊరేగింపులకు ముందు అన్ని మతాల పెద్దలనూ పలకరించి రావాలి.

మోకాళ్ళ నొప్పులు అందరికీ ఉన్నాయి. పవనార్ నుంచి నడవమనడం లేదు, పక్క వీధి దాకా చాలు. ఈ సభలోనే పేర్లు రాసుకోవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను. మొదట నా పేరు రాయండి. సెలవు.